పూర్వ నిరాశ ధ్రువపత్రం

సెల్‌ఫోను టింగుమన్నప్పుడు హైమ గుత్తివంకాయలకి గాట్లు పెడుతోంది. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని చూసింది. పురపాలక సంఘం వారి సందేశం. “తమ కుళాయి దరఖాస్తు మంజూరైనదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము.”

ఆమె అంతవరకే చదివింది. దాని కింద ఇంకో వాక్యం ఉంది గాని, సంతోషం వచ్చినప్పుడు రెండో వాక్యం చదివే అలవాటు హైమకి లేదు. చేతిలో వంకాయతోనే వంటింట్లో రెండు చుట్లు తిరిగి, భర్త సుధీర్‌కి ఫోను చేసింది.

“ఏవండీ! వచ్చేసింది!”

“ఎవరూ, మీ అమ్మగారా?”

“అబ్బ! కుళాయండీ, కుళాయి! మంజూరైందిట!”

“ల్యాబులో ఉన్నాను హైమా, కాస్త మెల్లిగా. పిల్లలందరికీ వినపడుతోంది,” అని, మరుక్షణం అతనే ల్యాబంతా వినపడేలా, “నిజంగానా?” అన్నాడు.

వాళ్ల పెళ్లయి నలభై ఏడు రోజులు. వేగులపాలెంలో రెండో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు, తూర్పు వైపు పిట్టగోడతో చిన్న వసారా. అక్కణ్ణించి వీధి కుళాయికి ముప్పై నాలుగు మెట్లు. నీళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకి వస్తాయి, ఆరింటికి కట్టేస్తారు. ఆ గంటన్నరలో సుధీర్ వరసలో నిలబడి ఎనిమిది బిందెలు మోస్తాడు. అదే గంటన్నరలో హైమ పైన అన్నం, కూర చేసి క్యారేజీ కడుతుంది. ఆరూ నలభై పాసింజరు అందుకుంటే గాని అతను పక్కూరి కాలేజీకి వేళకి చేరడు. అందుకని కాఫీ ఒక కాలికి బూటు వేసుకుని, రెండో కాలికి వెతుక్కుంటూ తాగుతాడు. ఆదివారం సెలవే కదా అంటారేమో. ఆదివారం కుళాయికి కూడా సెలవే. బదులు ట్యాంకరు వస్తుంది. ఎన్నింటికి వస్తుందో ట్యాంకరు నడిపేవాడికే తెలియదు కనక, తెల్లారకముందు నుంచీ బిందె కాపలా కాయాలి.

మొగుడితో కలిసి వసారాలో కూచుని, ఎండ పిట్టగోడ ఎక్కుతుంటే చూస్తూ, తీరిగ్గా ఒక కప్పు కాఫీ తాగాలి. హైమ కోరికల్లా ఇదే. దీనికోసం హాస్టల్లో ఆమె గదిలో ఉండిన స్నేహితురాలు పెళ్లికిచ్చిన రెండు కప్పులు, నీలి పూలవి, పాత వార్తాపత్రికలో చుట్టి గూట్లో పెట్టింది. కుళాయి వచ్చిన రోజున తీస్తుందిట. రోజూ ఒకసారి కాయితం విప్పి చూసుకుని మళ్లీ చుట్టేస్తుంది.

సాయంత్రం సుధీర్ వచ్చి ఆ రెండో వాక్యం చదివాడు. “దరఖాస్తుదారు పూర్వ నిరాశ ధ్రువపత్రమును దాఖలు పరచిన పిమ్మట మాత్రమే కుళాయి బిగించబడును.”

“అదేంటండీ?”

“ఏమో. కులానికి, ఆదాయానికి, పుట్టుకకి పత్రాలు చూశాను. నిరాశకి కూడా ఇస్తారని తెలీదు.”

ఇస్తారు. దాని వెనక పెద్ద కథే ఉంది.

అంతకు ముందు ఏడాది వేగులపాలెం పురపాలక సంఘానికి నాలుగువేల రెండువందల పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. అదే సమయానికి ప్రభుత్వం వారు ‘శూన్య ఫిర్యాదుల పట్టణం’ అని ఒక షీల్డు పెట్టారు. షీల్డు మీద సంఘం వారికి మనసైంది. రాజధాని నించి ఒక సలహాదారుణ్ణి పిలిపించారు. ఆయన తెర మీద బొమ్మలు వేసి చూపిస్తూ, పౌరుడి అసంతృప్తి అంటే అతని ఆశలోంచి వాస్తవాన్ని తీసేస్తే మిగిలేది అని చెప్పాడు. “వాస్తవాన్ని పెంచాలంటే బడ్జెట్టు కావాలి. ఆశను తగ్గించడానికి బడ్జెట్టుతో పనేమిటి?” అన్నాడు. సభ్యులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందే నిరాశపడ్డవాడు తర్వాత నిరాశపడలేడు. పడనివాడు ఫిర్యాదు చెయ్యడు. ఇంత తేలికైన సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదే అని చైర్మన్ కళ్లు తుడుచుకున్నాడు. మర్నాటికల్లా జనన మరణాల గది పక్కన ‘ఆశాభంగ నివారణ విభాగం’ అని బోర్డు లేచింది.

హైమ మర్నాడు పది గంటలకి ఆ బోర్డు కింద నిలబడింది. గుమ్మంలో స్టూలు మీద యాభై ఏళ్ల బంట్రోతు వీర్రాజు కూచుని ఉన్నాడు.

“ఆయ్, కొత్త పెళ్లికూతురండి?” అన్నాడు, ఆమె చేతుల గోరింటాకు చూసి.

“ఎలా తెలిసిందండీ?”

“నవ్వుతా వచ్చారు కదండి. ఈ గదిలోకి నవ్వుతా వచ్చినోళ్లని మిమ్మల్నే చూత్తన్నానండి. లోపలికెళ్లేటప్పుడు కాస్త మొకం సద్దుకోండి అమ్మాయిగారూ. సారుకి పడదు.”

ఆశాభంగ నివారణాధికారి పరాంకుశరావు గారు మనిషి పొట్టి, వాక్యాలు పొడుగు. “కూర్చొనవచ్చును,” అన్నాడు. హైమ కూచోబోతే, “కుర్చీ ఉండునని ఆశించి కూర్చొనుచున్నారా, లేక చూచి కూర్చొనుచున్నారా?” అని అడిగాడు.

“కుర్చీ ఉంది కదండీ!”

ఆయన ఏదో రాసుకున్నాడు. తర్వాత ప్రశ్నపత్రం ఇచ్చాడు. అందులో వందకి ముప్పై లోపు వస్తేనే ప్యాసు. ఆశ ఎంత ఎక్కువైతే మార్కులు అంత ఎక్కువ. మీరు ఎక్కవలసిన బస్సు గంట ఆలస్యమైనచో మీకు కలుగు భావమేమి? ‘గంట ఆగి వచ్చే బస్సులో జనం ఉండరు, కిటికీ పక్కన సీటు దొరుకుతుంది’ అని రాసింది హైమ. చుట్టాలింట విందుకు పోగా గారెలు అయిపోయినవి. మీ స్పందన తెలుపుడు. ‘అయిపోయాయంటే బాగున్నాయన్నమాట. ఎలా చేశారో కనుక్కుంటాను.’ ఇలా ఇరవై ప్రశ్నలు. చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది.

పరాంకుశరావు దిద్దుకుంటూ పోయి, చివర కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

“తొంభై ఏడు.”

“మూడు మార్కులు ఎక్కడ పోయాయండీ?” అంది హైమ ఆదుర్దాగా.

“ఒకచోట కొట్టివేత ఉన్నది. ఏమమ్మా, మీరు ఘోరముగా ఫెయిలైనారు.”

“నేనెప్పుడూ ఫెయిలవలేదండీ. బీయెస్సీలో డిస్టింక్షను.”

“వ్యాధి అక్కడే ప్రారంభమైనట్లున్నది.” ఆయన ఎర్రసిరాతో ఒక గీత గీశాడు. “తమకు మూడు దినముల ముందస్తు నిరాశా శిబిరము విధించడమైనది. బుధవారం, టౌన్‌హాలు, ఉదయం ఎనిమిది గంటలు. హాజరు తప్పనిసరి, ఆసక్తి నిషిద్ధము.”

ఆ రాత్రి సుధీర్ ఆమెకి నిరాశ నేర్పుదామని చూశాడు. “నువ్వు మరీను. మొహం మాడ్చుకుని, ఏదో ఒకటి ఏడుపుగొట్టుగా రాసి రాకూడదూ?”

“ఎంత ప్రయత్నించినా నవ్వొస్తోందండీ. ‘గారెలు అయిపోయినవి’ అని ప్రభుత్వం వాళ్లు అచ్చేయించారు, చూడండి!”

మర్నాడు అతను మల్లెపూలు తెస్తానని పొద్దున్నే గట్టిగా మాటిచ్చి, కావాలనే చేతులూపుకుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, “తేలేదు,” అన్నాడు కఠినంగా.

హైమ గడియారం చూసింది. “పూలకొట్టు దగ్గర ఆగలేదు కాబట్టే ఇరవై నిమిషాలు ముందొచ్చారు!” అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. సుధీర్ ఇంక పాఠాలు మానేశాడు.

శిబిరానికి డెబ్భై మంది వచ్చారు. కుళాయి, ఇంటి పన్ను, వీధిదీపం, ఎవరి అవసరం వాళ్లది. హైమ పక్కన కూచున్న బుల్లెమ్మకి డెబ్భై నాలుగేళ్లు. ఆమె పరీక్షలో రెండే రెండు మార్కులు తెచ్చుకుని మొదటి తరగతిలో ప్యాసైంది. అయినా గుర్తింపు కార్డులో పేరు తప్పు పడటం వల్ల శిబిరానికి రమ్మన్నారు.

“రెండు మార్కులు కూడా ఎందుకొచ్చాయి మామ్మగారూ?” అని అడిగింది హైమ.

“మర్నాడు లేత్తావా అనడిగాడే అమ్మడూ. లేత్తానేమో అన్నాను. దానికేశాడు.”

మొదటిరోజు ఎనిమిదిన్నరకి అందరి ముందూ అరిటాకులు వేశారు. నీళ్లు చల్లుకోమన్నారు. తెర వెనకనించి ఆవాలు చిటపటమన్నాయి, కరివేపాకు గుప్పుమంది, హాలంతా ఉప్మా వాసన. డెబ్భై కడుపుల్లో పేగులు కదిలాయి. అప్పుడు పరాంకుశరావు మైకు దగ్గరికి వచ్చి, “ఉప్మా లేదు,” అని ప్రకటించాడు. విభాగం వారు రవ్వ కొనరు. పోపుసామాను మాత్రమే కొంటారు. నిరాశకి పోపు చాలునని సలహాదారు నివేదికలో ఉంది.

హాలంతా ఉసూరుమంది. ఆయన తృప్తిగా లెక్కించుకుంటున్నాడు.

“ఆ పోపు ఎవరు పెట్టారండీ?” హైమ లేచి నిలబడింది. “ఇంగువ ఎంత బాగా పడిందో! మా అమ్మ కూడా ఇంత కుదురుగా వెయ్యలేదు. ఎండుమిరపకాయ మాడనివ్వలేదు చూడండి.”

తెర పక్కనించి వీర్రాజు తల బయటికొచ్చింది. చేతిలో మూకుడు. “నేనేనండి,” అన్నాడు. “ఏడాదినించి పెడతన్నానండి, ఒక్కళ్లంటే ఒక్కళ్లు బాగుందనలేదండి బాబూ.” ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో, “కొంచెం ఆకులో వెయ్యవయ్యా, నాకుతాం,” అన్నారు. వీర్రాజు అందరి ఆకుల్లోనూ తలో చెంచాడు పోపు వడ్డించాడు. ఆ ఏడాది వేగులపాలెంలో అంత ఆనందంగా జరిగిన విందు ఇంకోటి లేదు.

“ఎవరచట? తెర వేయుడు!” అని పరాంకుశరావు అరిచేటప్పటికే ఆలస్యమైపోయింది.

రెండోరోజు ముఖ్య అతిథి రాడు. అంటే, వస్తాడని చెప్పి మూడు గంటలు కూచోబెడతారు. వేదిక, పట్టుగుడ్డ పరిచిన కుర్చీ, బంతిపూల దండ, మైకు, అన్నీ సిద్ధంగా ఉంటాయి. పావుగంటకోసారి వీర్రాజు గుమ్మం దాకా పరిగెత్తి, “వచ్చేత్తన్నారు! వచ్చేత్తన్నారు!” అనాలి. అతనికిచ్చిన ఉత్తర్వు అది. పదకొండుంపావుకి పరాంకుశరావు గంభీరంగా లేచి, “అతిథి లేరు. ఎన్నడునూ లేరు,” అన్నాడు.

“అయ్యో, దండ వాడిపోతుంది కదండీ,” అంది హైమ. వేదిక ఎక్కి దండ తీసుకొచ్చి బుల్లెమ్మ మెళ్లో వేసింది. “మామ్మగారూ, ఎప్పుడైనా వేయించుకున్నారా?”

“పెళ్లిలో ఏసేరే. అదీ తొందరగా తీసేసేరు, ఇంకో పెళ్లికి కావాలని.”

జనం ఆమెని పట్టుగుడ్డ కుర్చీలో కూచోబెట్టారు. మైకు ముందు పెట్టారు. బుల్లెమ్మ గొంతు సవరించుకుని, “అందరూ బావుండండర్రా,” అంది. అంతకు మించి ఆమెకి మాట తోచలేదు. అయినా జనం ఆమెని దిగనివ్వలేదు.

ఆ సాయంత్రం కొలత తీస్తే శిబిరం సగటు ఆశ నలభై రెండు నించి అరవై ఒకటికి ఎగబాకింది. బుల్లెమ్మకి నలభై వచ్చాయి. ఆమె ఫెయిలైంది. మూడోరోజు శిబిరం రద్దయింది. ‘సభ్యులు తమంతట తాము వచ్చుటకు ఉత్సాహపడుచున్నందున’ అని నోటీసు బోర్డులో రాశారు.

పరాంకుశరావు రాత్రంతా పాత ఉత్తర్వులు తిరగేసి, ఆశ అంటువ్యాధి లాంటిదని, దాని మూలాన్ని ఇంట్లోనే వెతికి పట్టాలని తేల్చుకున్నాడు. శుక్రవారం పొద్దున్న వీర్రాజుని వెంటబెట్టుకుని ముప్పై నాలుగు మెట్లూ ఎక్కి వచ్చాడు.

“రండి రండి! మా ఇంటికి వచ్చిన మొదటి అధికారి మీరేనండీ,” అంటూ హైమ చాప వేసింది. ఆయన కూచోలేదు. గది కలయజూశాడు. మంచం కింద వంగి చూశాడు, బియ్యం డబ్బా మూత తీశాడు. చివరికి గూట్లో ఉన్న కాయితం పొట్లం ఆయన కంటపడింది.

“ఇందులో ఏమున్నది?”

“కప్పులండీ.”

“ఏల చుట్టిపెట్టినారు? ఏల వాడుటలేదు?”

హైమ ముఖం వెలిగింది. దాచుకోవడం ఆమెకి చేతకాదు. “కుళాయి వచ్చాక ఆయనకి నీళ్లు మొయ్యక్కర్లేదు కదండీ. అప్పుడిద్దరం ఆ వసారాలో కూచుని, తెల్లారుతుంటే, వీటిల్లో మొదటిసారి...” అని ఆగింది.

“వీర్రాజూ! దొరికినది. ఇదియే మూలము. పంచనామా వ్రాయి. నీలి పూల కప్పులు, రెండు. సాసర్లు లేవు. ఉపయోగింపబడలేదు. భవిష్యత్తు నిమిత్తము దాచబడినవి.”

“సార్,” అన్నాడు వీర్రాజు, “ఒట్టి కప్పులండి.”

“భవిష్యత్తు నిమిత్తము, అని వ్రాయుమంటిని.”

వీర్రాజు రాశాడు. కప్పులు రెండూ ఒక గుడ్డసంచీలోకి పోయాయి, దాని మూతికి లక్క పడింది. హైమ చూస్తూ నిలబడింది. ఏదో ఒకటి బాగున్నది కనపడుతుందేమోనని లక్క ముద్రవంక చూసింది, సంచీవంక చూసింది. ఏమీ కనపడలేదు. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

పరాంకుశరావు మునివేళ్ల మీద లేచి ఆ కంటిలోకి తొంగిచూశాడు. “అదిగో! అదిగో!” అన్నాడు, సొంత మనవడు మొదటి అడుగు వేస్తుంటే చూసినట్టు. “ఎనిమిది మార్కులు! వీర్రాజూ, ముద్ర తీయి!”

అక్కడికక్కడే ధ్రువపత్రం తయారైంది. “సంతోషించకుండ పుచ్చుకొనవలెను. సంతోషించినచో చెల్లదు,” అంటూ అందించాడు. హైమ దానికేమీ కష్టపడనక్కర్లేకపోయింది. ఆయన చూపించిన చోట సంతకం చేసింది. వీర్రాజు సంచీ చంకన పెట్టుకుని, ఆమెవైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు.

అయినా కుళాయి కుళాయే. సోమవారం ఉదయం ఆరు గంటలకి నీళ్లు వదులుతారని రాసి మరీ ఇచ్చారు. ఆదివారం సాయంత్రం వచ్చి బిగించారు. ఇత్తడి కుళాయి, తళతళలాడిపోతోంది. కప్పులు పోయిన దిగులు హైమకి ఆ ఇత్తడి మెరుపులో సగం తగ్గింది. పసుపు రాసి, కుంకం పెట్టింది. మిగతా సగం సుధీర్ తగ్గించాడు. “కప్పులు పోతే గ్లాసులున్నాయి. మనిద్దరం ఉన్నాం, వసారా ఉంది. పంచనామాలో వసారా రాసుకోలేదుగా!”

సోమవారం వీధి కుళాయికి వెళ్లకుండా అతను హాయిగా నిద్రపోయి, ఆరింటికి బిందె పట్టుకుని కుళాయి ముందు కూచున్నాడు. హైమ కుళాయి మర తిప్పింది.

కుళాయి ఓ పెద్ద నిట్టూర్పు విడిచింది. తర్వాత గాలి. ఆ తర్వాత గాలి కూడా లేదు.

ఆరుంపావు దాకా చూశారు. కింద వీధి కుళాయి అప్పటికే కట్టేశారు. సుధీర్ అరబిందె నిన్నటి నీళ్లతో మొహం కడుక్కుని, కాఫీ లేకుండా, రెండు కాళ్లకీ బూట్లు వేసుకుంటూ పరిగెత్తాడు.

పదింటికి విభాగం గుమ్మం ముందు హైమ కాక ఇంకో ముప్పై మంది ఉన్నారు. పేరు దిద్దించుకుని, మళ్లీ పరీక్ష రాసి, కుళాయి సంపాదించిన బుల్లెమ్మ అందరికంటే ముందుంది.

“నీరు రాలేదా? రాదమ్మా,” అన్నాడు పరాంకుశరావు ఎంతో ఓర్పుగా. “తాము సంతకము చేసిన పత్రము, మూడవ పేరా. ‘ఈ కుళాయి నుండి నేను ఏమియు ఆశించుట లేదు.’ ఆశించని వారికి నీరు విడుచుట ప్రజాధనమును వృథాచేయుట గదా?”

“మరి ఆశించేవాళ్లకి ఇవ్వచ్చు కదండీ?”

“వారికి కుళాయి లేదు గదా!”

అందులో తప్పెక్కడుందో ముప్పై మందీ వెతుకుతున్నారు.

“అయితే ఫిర్యాదు రాసిస్తాం,” అన్నారు వెనకనించి ఒకరు.

“నిరభ్యంతరముగా! కానీ ధ్రువపత్రము గలవారి ఫిర్యాదు స్వీకరింపబడదు. లేనివారు ఫిర్యాదు చేయుటకు వారివద్ద కుళాయియే లేదు.” ఆయన గోడవైపు చెయ్యి చూపించాడు. అక్కడ షీల్డు కోసం ముందే కొట్టి ఉంచిన మేకు ఉంది. “ఈ మాసము ఫిర్యాదులు, సున్న.”

“నేను ముందే అనుకున్నానర్రా,” అంది బుల్లెమ్మ. కానీ ఆ మాట అంటుంటే ఆమె గొంతులో, శిబిరానికి ముందు ఎన్నడూ లేని కోపం వినిపించింది.

జనం తిట్టుకుంటూ వెళ్లిపోయారు. హైమ మాత్రం వీర్రాజు స్టూలు పక్కన నిలబడిపోయింది. ఆమెకి కావలసింది నిజానికి కుళాయి కాదు. పొద్దున్న మొగుడితో ఓ గంట. ఆ గంట ఎక్కడుంది? నాలుగున్నరకీ ఆరుకీ మధ్య ఉంది. ఆయనెక్కడున్నాడు? వీధి కుళాయి దగ్గర, వరసలో. బిందె నిండేదాకా, ముందువాళ్ల వంతు అయ్యేదాకా ఊరికే నిలబడి ఉన్నాడు. మరి తనెక్కడుంది? పైన, వంకాయలతో. వంకాయలు రాత్రే వండేస్తే? కాఫీ ఫ్లాస్కులో పోసి కిందికి పట్టుకుపోతే? పక్కనే శెట్టిగారి కొట్టు అరుగు ఉంది, తూర్పు కనపడుతుంది కూడా. పెళ్లయిన ఇన్ని రోజులూ ఆ గంట వాళ్ల కాళ్ల కిందే ఉంది, ముప్పై నాలుగు మెట్ల కింద!

“వీర్రాజుగారూ, ఒక తెల్లకాయితం ఇవ్వండి,” అంది. స్టూలు మీదే పెట్టి గబగబా రాసింది. ‘అయ్యా, రేపు ఉదయం నాలుగున్నర గంటలకు వీధి కుళాయి వద్ద అరుగు మీద నేను, నా భర్త కలిసి కాఫీ తాగదలచుకున్నాము. రేపటి కోసం ఎంతో ఎదురుచూస్తున్నాము. కావున మా కప్పులు దయచేసి ఇప్పించగలరు.’

పరాంకుశరావు అది చదివి కుర్చీలోంచి లేచాడు. ఇంకోసారి చదివి, కూచున్నాడు. “ఎదురుచూస్తున్నాము,” అన్నాడు పాలిపోయిన ముఖంతో. “నా ముద్ర పడిన మనిషి! శుక్రవారము ముద్ర, సోమవారము ఎదురుచూపు! షీల్డు కమిటీ వారు గాని వినినచో... అమ్మా, తాము ఇంటికి పొండు. తాఖీదు వచ్చును.”

తాఖీదు రాత్రి ఎనిమిదింటికే వచ్చింది. సుధీర్ అప్పుడే బూట్లు విప్పుతున్నాడు. హైమ రేపటి వంకాయలు పొయ్యి మీద మగ్గబెడుతోంది. వీర్రాజు రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

“పెద్ద తంటా తెచ్చిపెట్టారండి అమ్మాయిగారూ. చదూకోండి.”

సుధీర్ పైకి చదివాడు. “ధ్రువీకృత నిరాశురాలగు శ్రీమతి హైమవతి గారు రేపు ఉదయం గం. 4.30లకు బహిరంగ ప్రదేశమున ఎదురుచూపునకు పాల్పడనున్నట్లు తెలియవచ్చినందున, నివారణాధికారి వారును, మరి నలుగురు తనిఖీదారులును సదరు వీధి కుళాయి వద్దకు స్వయముగా విచ్చేయుదురు. జప్తు చేసిన కప్పులు రెండును గుర్తింపు నిమిత్తము ఘటనాస్థలమునకు తేబడి, దంపతుల చేతికి ఇయ్యబడును.” అతను తలెత్తాడు. “హైమా, ఇది కాస్త ఆలోచించాల్సిన విషయం. అయిదుగురు అధికారులు—”

“ఏవండీ! మన కప్పులొస్తున్నాయి!”

“హైమా...”

“వాటంతటవే! నాలుగున్నరకి! మన చేతికే ఇస్తారుట!” ఆమె అప్పటికే గూట్లోంచి పెద్ద ఫిల్టరు దింపుతోంది. “వాళ్లయిదుగురు, మనిద్దరం, వీర్రాజుగారు ఎనిమిది. బుల్లెమ్మ మామ్మగారికి కూడా చెప్పాలి, వరసలో ఆవిడ కూడా ఉంటుంది. తొమ్మిది. పాలు మూడు ప్యాకెట్లు చాలవు. మీరిప్పుడే శెట్టిగారి కొట్టుకి వెళ్లి ఇంకో రెండు తెండి, అరుగు కూడా అడిగి రండి. వీర్రాజుగారూ, మీరు నాలుగుంపావుకే వచ్చెయ్యండి. ఇంగువ తెచ్చుకోండి.”

“కాఫీలోకి ఇంగువేంటండి?”

“రవ్వ నేను తెస్తాను. రేపు పోపు కింద ఉప్మా కూడా ఉంటుంది.”

వీర్రాజు చొక్కా అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చి, “మరి సారుకి ఏమని చెప్పమంటారండి?” అన్నాడు.

హైమ డికాషను పొడి కొలుస్తూ ఒక్క క్షణం ఆలోచించింది.

“కాఫీ, ఉప్మా సంగతి చెప్పకండి,” అంది. “పాపం, రేపు పొద్దున్న ఆయన్ని ఏమీ ఆశించకుండానే రానివ్వండి.”